నాలుగు బండల జాగాలో గుండెకు పని

మే నెల మధ్యలో నాయినను కర్నూలు ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాం. గుండెలో ఒక స్టెంట్, చేతిలో మాత్రల కవరు, డిశ్చార్జి కాగితం అడుగున డాక్టరు చేత్తో రాసిన ఒక లైను: మెల్లగా నడక మొదలుపెట్టి, రోజుకు 30 నిమిషాలకు తేవాలి. ఎక్కడ నడవాలో మాత్రం రాయలేదు.

మాది బీచుపల్లి. హైదరాబాదు నుంచి కర్నూలు వైపు బస్సులో పోయినవాళ్ళకు తెలిసే ఉంటుంది. కృష్ణ మీద వంతెన రాగానే కొందరు కిటికీలోంచి రూపాయి బిళ్ళ నదిలోకి విసిరేస్తారు, ఆంజనేయస్వామి గుడి వైపు ఒక దండం పెడతారు, మళ్ళీ ఫోన్లో పడిపోతారు. ఆ రెండు నిమిషాల ఊరే మాది. (మా వైపు మనుషులకూ బీచుపల్లి అని పేరు పెడతారు. స్కూల్లో ఒకరిని పిలిస్తే ముగ్గురు పలికేవాళ్ళు.) ఇంట్లోంచి ముందుకు పోతే 44వ నంబరు జాతీయ రహదారి, వెనక్కి పోతే నది. రహదారి మీద లారీలు మనిషిని చూసి ఆగవు. నది ఒడ్డున ఆ నెలలో పొద్దున ఏడు దాటితే కాలు పెట్టలేం.

"యాడ నడవాల్రా? లారీల కిందనా?" అన్నాడు నాయిన. ఆయన వయసు 54.

ఆ వయసు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఇంటర్‌హార్ట్ అని 52 దేశాల్లో చేసిన పెద్ద అధ్యయనం ఒకటుంది. మొదటిసారి గుండెపోటు వచ్చే సగటు వయసు మన దక్షిణాసియా వాళ్ళలో 53, మిగతా దేశాల్లో దాదాపు 59 అని అందులో తేలింది. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోన్లో అది చదివాను. నాయిన సరిగ్గా సగటులో ఉన్నాడు. నాకు ఇంకా 25 ఏళ్ళు ఉన్నాయనుకుని లోపల కొంచెం కుదుటపడ్డాను. అలా కుదుటపడినందుకు తర్వాత సిగ్గేసింది కూడా.

మేనేజరును బతిమాలుకుని మూడు నెలలు ఇంటి నుంచి పనికి ఒప్పించుకున్నాను. వచ్చిన రెండో రోజు గుడి వెనక ఘాట్‌కు దిగి, తిరిగి ఎక్కాను. ఆ ఘాట్‌కు ఇన్ని మెట్లని ఒక లెక్కుండదు. పైన జూరాల గేట్లెత్తితే సగం మునుగుతాయి, ఎండాకాలం అన్నీ బయటపడతాయి. అంటే మేలో అందరికంటే ఎక్కువ ఎక్కాల్సిందే. పైకొచ్చేసరికి నడుం మీద చేతులు పెట్టుకుని, నోరు తెరిచి గాలి పీలుస్తున్నాను. పక్కనే బట్టలు ఉతికి, తడిబట్టల మూట నెత్తిన పెట్టుకుని ఎక్కుతున్న ఒకావిడ "బాగుందా బిడ్డా?" అని అడిగి, నా జవాబుకు ఆగకుండా పోయింది. స్టెంట్ నాయినకు పడింది గానీ ఆయాసం నాకొస్తున్నది.

హైదరాబాదులో నాకు ఏడాది జిమ్ మెంబర్‌షిప్ ఉండేది. మొత్తం 19 రోజులు పోయాను. ఒక్క రోజుకు ఎంత పడిందో లెక్కేయగలను గానీ వేయను.

సరే, అసలు విషయం. కార్డియో అనగానే మన కళ్ళకు ట్రెడ్‌మిల్ కనిపిస్తుంది. గుండెకు మాత్రం కింద బెల్టు తిరుగుతున్నదా, బండలు పరిచి ఉన్నాయా అన్నది తెలియదు. పెద్ద కండరాలు ఆగకుండా పని చేస్తున్నాయి, ఆక్సిజన్ ఎక్కువ కావాలి అన్న కబురు ఒక్కటే దానికి అందుతుంది. ఈ సంగతి మొదట గట్టిగా బయటపెట్టింది జిమ్‌లో చేసిన పరిశోధన కాదు, సిటీ బస్సుల మీద చేసింది. లండన్‌లో జెరెమీ మోరిస్ అనే డాక్టరు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రచురించాడు. రోజంతా సీట్లో కూర్చునే డ్రైవర్లకంటే, టికెట్లు కొడుతూ పైకీ కిందికీ మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా వచ్చింది. ఒకే బస్సు, ఒకే యూనిఫారం, ఒకే డ్యూటీ. తేడా ఆ మెట్లు. కండక్టర్ పని చేసింది కూడా బస్సంత జాగాలోనే.

మనం ఏ సీట్లో ఉన్నామో చెప్పక్కర్లేదు. పైగా మన బస్సు కదలదు కూడా.

మా హాలు, వసారా షాబాద్ బండలు పరిచినవి, ఒక్కోటి రెండడుగులు. టేపు పెట్టి కొలిచాను. హాలు గోడ వెంట పోయి వసారా తిరిగి వస్తే ఒక చుట్టు 18 మీటర్లు. సెకనుకు ఒక మీటరు అంటే తీరిగ్గా నడిచే నడక, ఒక చుట్టుకు 18 సెకన్లు. పది నిమిషాలకు 33 చుట్లు. అరగంటకు వంద. నేను ఈ లెక్కను ల్యాప్‌టాప్‌లో ఒక షీట్‌గా చేసి నాయినకు చూపించాను. ఆయన చూడలేదు. లోపలికి పోయి డబ్బాలోంచి 33 చింతగింజలు తెచ్చి కిటికీ గట్టు మీద పోశాడు. చుట్టుకు ఒక గింజ ఎడమ నుంచి కుడికి. అంతే. బ్యాటరీ అక్కర్లేదు, అప్‌డేట్ రాదు.

మొదటి పేచీ మూడో రోజు వచ్చింది. చిన్న జాగాలో ఒకే వైపు తిరుగుతూ నడిస్తే ఒక మోకాలి మీదే భారం పడుతుంది, తల కూడా తిరగొచ్చు. అందుకే సగం చుట్లు ఇటు, సగం అటు అని చెప్పాను. నాయిన ఒప్పుకోలేదు. ఎడమవైపు తిరిగితే అప్రదక్షిణమట. "ఇది గుడి కాదు నాయినా, హాలు" అన్నాను. "గుండె బాగుజేసిన సామి యాడున్నడో నీకెర్కనా?" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. చివరికి ఎనిమిది అంకె దొరికింది. మంచం చుట్టూ ఒకసారి, వసారా స్తంభం చుట్టూ ఒకసారి, మధ్యలో అడ్డంగా దాటడం. ఒక మలుపు కుడికి, ఒక మలుపు ఎడమకు. మంచానికి మాత్రం ఎప్పుడూ ప్రదక్షిణమే అని చెప్పి ఒప్పించాను. స్తంభం సంగతి ఆయన అడగలేదు.

నిజానికి మనవాళ్ళకు చిన్న జాగాలో నడక కొత్తదేమీ కాదు. చిలుకూరులో వీసా వచ్చాక మొక్కు తీర్చుకోవడానికి 108 ప్రదక్షిణలు చేసిన మా కొలీగ్స్‌ను అడగండి. చుట్టు 50 మీటర్లనుకున్నా 5.4 కిలోమీటర్లు అవుతుంది. వీసా ముందే వచ్చింది, ఆ రోజు కార్డియో కూడా వచ్చింది. మళ్ళీ ఎప్పుడు చేశారంటే, హెచ్1బి రెన్యువల్‌కే.

ఇక నాలాంటి ఇంజినీర్లు అందరూ చేసే తప్పు ఒకటి చెప్పాలి. నా స్మార్ట్ వాచ్ తీసి నాయిన చేతికి పెట్టాను. 220లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం, అందులో 60 నుంచి 70 శాతం దాకా పోవాలి అని ఎక్కడ చూసినా ఉంటుంది కదా. 54 ఏళ్ళకు 166. అరవై శాతం అంటే వంద. నాయిన ఎంత నడిచినా వాచీలో 90 దాటదు. "ఇంకొంచెం జోరుగా నాయినా, ఇంకొంచెం" అని వెనకపడ్డాను. ఆయన చెమటలు కక్కుతున్నాడు, మాట ముక్కలు ముక్కలుగా వస్తున్నది, వాచీ మాత్రం 92. సెన్సార్ చెడిపోయిందనుకున్నాను. నా చేతికి పెట్టుకుని చూశాను, బాగానే ఉంది.

అమ్మ ఆపింది. "సూడు, మొఖం ఎట్లయిందో" అన్నది. ఆ సాయంత్రం ఆసుపత్రికి ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టరు ఒక్క ముక్కలో తేల్చేశాడు. గుండెపోటు తర్వాత ఇచ్చే మాత్రల్లో బీటా బ్లాకర్ ఒకటుంటుంది. గుండె వేగాన్ని పెరగనీయకపోవడమే దాని పని. అది వేసుకున్న మనిషికి 220 లెక్క చెల్లదు. నేను వాచీని నమ్మి, వేగాన్ని ఆపడానికి మందు వేసుకున్న మనిషిని వేగం పెంచమని తరిమాను. ఏ లాగ్‌లోనూ ఎర్రర్ రాలేదు. మనిషి ముఖంలో వచ్చింది, నేను చూడలేదు.

వాచీ తీసేశాం. దాని బదులు మాటల పరీక్ష. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడటం మాత్రం కష్టం కావాలి. అది మధ్యస్థమైన శ్రమ. రెండు మాటలకోసారి ఆగి గాలి తీసుకోవాల్సి వస్తే అది ఎక్కువ శ్రమ, నాయినకు వద్దు. డాక్టర్లే వాడే పద్ధతి ఇది, మందులతో సంబంధం లేకుండా పని చేస్తుంది. నాయిన పాటలు పాడడు కాబట్టి నేను పక్కన నడుస్తూ వేరుశనగ ధర అడుగుతాను. మామూలుగానైతే ఆ విషయం మీద ఆయన్ను ఆపలేం. జవాబు పూర్తిగా వస్తే సరే. మధ్యలో తెగితే వేగం తగ్గిస్తాం.

ఇంకో మంచి సంగతి కూడా ఉంది. ఒక్కసారే అరగంట నడవక్కర్లేదు. కనీసం పది నిమిషాలు ఏకబిగిన చేస్తేనే లెక్క అనే పాత నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో తీసేసింది. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ. ముక్కలుగా చేసినా మొత్తంలో కలుస్తుంది. నాయిన మొదట పూటకు ఐదు నిమిషాలు, తర్వాత పొద్దున, సాయంత్రం, రాత్రి తిన్న గంటకు పది పది నిమిషాలు చేశాడు.

ఇప్పుడు నా సంగతి. మీలో చాలామందికి పనికొచ్చేది ఇదే. హైదరాబాదులో పీజీ రూములో ఉంటే మంచానికీ గోడకూ మధ్య ఉండేది నాలుగు బండల జాగా, అంటే నాలుగడుగులకు నాలుగడుగులు. పైన ఫ్యాను, కింద ఓనరు. స్కిప్పింగ్ తాడు ఫ్యానుకు తగులుతుంది, గెంతితే ఓనరు వస్తాడు. అందుకే గెంతులు లేనివి ఎంచుకున్నాను.

మొదటి రోజు మాత్రం తెలివి లేకుండా యాప్‌లో ఉన్న నాలుగు నిమిషాల టబాటా చేశాను. 20 సెకన్లు ప్రాణం పెట్టి చేయడం, 10 సెకన్లు ఆగడం, అలా ఎనిమిది సార్లు. ఆరో రౌండులో పొద్దున తాగిన కాఫీ బయటికొచ్చింది. తర్వాత చదివితే తెలిసింది. జపాన్‌లో ఇజుమి టబాటా 1996లో ప్రచురించిన ఆ పరిశోధన సైకిల్ యంత్రం మీద చేసింది, చేసినవాళ్ళు రోజూ ఆటలాడే కుర్రాళ్ళు. పద్ధతి కూడా ఆయనది కాదు, స్పీడ్ స్కేటింగ్ కోచ్ ఇరిసావాదని ఆయనే చెప్పాడు. అంటే ఐస్ మీద పోటీలకు పోయేవాళ్ళ శిక్షణను, తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చునే నేను ఖాళీ కడుపున కాఫీ తాగి చేశాను. నాలుగు నిమిషాలే కదా అన్న ఆశ ఎంత పనైనా చేయిస్తుంది.

బర్పీ కథ కూడా ఇలాంటిదే. రాయల్ బర్పీ అనే అమెరికన్ 1930లలో దాన్ని తయారుచేసింది చెమటలు పట్టించడానికి కాదు, మామూలు మనుషుల దారుఢ్యం కొలవడానికి. కూర్చో, చేతులు నేలకు ఆనించి కాళ్ళు వెనక్కి, కాళ్ళు ముందుకు, లే. పైకి గెంతడం, మధ్యలో దండీ తీయడం తర్వాత అంటించినవి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం దాన్ని పట్టుకున్నాక ఆ నాలుగు కదలికల పరీక్ష కాస్తా శిక్షగా మారింది. నేను పాతదే చేస్తాను. అందులోనూ కాళ్ళను ఒక్క ఊపున విసరకుండా ఒకటొకటిగా వెనక్కి పెడతాను. చప్పుడు రాదు, నడుం పట్టదు, గుండె మాత్రం బాగానే కొట్టుకుంటుంది.

రెండోది గుంజీలు. నవ్వకండి. వినాయకుడి ముందు చెవులు పట్టుకుని తీసేవే. మనవాళ్ళ తాలింఖానాల్లో తీసే బైఠక్‌లకు చిన్న తమ్ముడు ఇది. తొడలు, పిరుదులు ఒంట్లో అన్నింటికంటే పెద్ద కండరాలు, వాటిని కదిలిస్తే గుండె కదలక తప్పదు. మోకాళ్ళు నొస్తే కుర్చీ అంచు తాకి లేవండి, అంతే. మూడోది గాల్లో గుద్దులు. కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం తిప్పుతూ చేతులు ముందుకు. మోకాళ్ళు బాగోలేనివాళ్ళకు ఇదే దిక్కు, కుర్చీలో కూర్చుని కూడా చేయొచ్చు.

నాలుగోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, మెట్టు. మా అరుగు మెట్టు సరిగ్గా అడుగు ఎత్తు. ఒక కాలు పైకి, రెండో కాలు పైకి, ఒకటి కిందికి, రెండోది కిందికి. నిమిషానికి 24 సార్లు ఎక్కితే పది నిమిషాలకు 72 మీటర్లు ఎక్కినట్టు. అంతస్తు మూడు మీటర్లనుకుంటే 24 అంతస్తులు. ఊళ్ళో అంత ఎత్తు బిల్డింగ్ లేదు, అరుగు చాలు. ఇంకో లెక్క కూడా వేశాను, అది అంత సంతోషంగా లేదు. నా 76 కిలోల బరువును 72 మీటర్లు ఎత్తడానికి అయ్యే పని దాదాపు 13 కిలోకేలరీలు. ఒంటి సామర్థ్యం 20 నుంచి 25 శాతం కాబట్టి నిజంగా ఖర్చయ్యేది 50 నుంచి 65. ఎర్రవల్లి చౌరస్తాలో ఒక ప్లేటు మిర్చి బజ్జీల ముందు ఇది నిలబడదు. కాబట్టి బరువు తగ్గడానికి దీన్ని నమ్ముకోకండి. అది కంచం దగ్గర తేలాల్సిన లెక్క. ఇది గుండె కోసం.

చేసే తీరు సింపుల్. నాలుగు నిమిషాలు చేతులూపుతూ నిలబడ్డచోటే నడక. తర్వాత మెట్టు, గుద్దులు, గుంజీలు, పాత బర్పీ, ఒక్కోటి 40 సెకన్లు చేసి 20 సెకన్లు ఆగడం. అలా మూడు రౌండ్లు, 12 నిమిషాలు. చివర మళ్ళీ నాలుగు నిమిషాలు మెల్లగా నడక. ఈ చివరిది ఎగ్గొట్టొద్దు, ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్ళలో నిలిచి కళ్ళు తిరుగుతాయి. వారానికి ఐదు రోజులు చేస్తే గట్టి శ్రమ 60 నిమిషాలు. తీవ్ర శ్రమ ఒక నిమిషం మధ్యస్థ శ్రమ రెండు నిమిషాలకు సమానం కాబట్టి 120, దానికి మెల్లగా నడిచిన 40 కలిపితే 160. నూట యాభై దాటింది. 20 సెకన్ల విరామాలు కూడా కలిపేశాను, కొంచెం దొంగ లెక్కే. ఒక జాగ్రత్త, చెమట పడితే షాబాద్ బండ సబ్బులా జారుతుంది. సాక్సులతో చేసి ఒకసారి నడుం మీద పడ్డాను. చెప్పులు లేకుండా గానీ, బూట్లతో గానీ చేయండి.

పడిన రోజు మా అవ్వ అక్కడే ఉంది. "బతుకమ్మ తొమ్మిది దినాలాడుతుంటిమి. నీ తీరు ఎగపోసుకున్నోళ్ళను ఒక్కల్ని సూడలే" అన్నది. ఆలోచిస్తే నిజమే. వంగుతూ, చప్పట్లు కొడుతూ, పాట పాడుతూ గంటల తరబడి ఒక చిన్న వలయంలో తిరగడం. పాట పాడుతున్నారు కాబట్టి మాటల పరీక్ష ప్రకారం తేలిక శ్రమే, కానీ గంటలు గంటలు. ఒప్పులకుప్ప అయితే ఇద్దరికి కావాల్సింది నా నాలుగు బండలే.

పని చేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి కూడా ఆ మెట్టే. 1943లో హార్వర్డ్‌లో లూసియన్ బ్రూహా కుర్రాళ్ళను 20 అంగుళాల బల్ల ఎక్కించి దించి, ఆపాక నాడి ఎంత త్వరగా దిగుతుందో కొలిచాడు. దానికి సులువైన రూపం మనకు చాలు. అడుగు ఎత్తు మెట్టు, నిమిషానికి 24 సార్లు, మూడు నిమిషాలు. ఆపగానే కూర్చుని ఒక నిమిషం పాటు నాడి లెక్కపెట్టాలి. మొదటి వారం నాకు 138. పది వారాల తర్వాత 112. బరువు ఒకటిన్నర కిలో మాత్రమే తగ్గింది, చొక్కాలన్నీ పాతవే.

ఇదంతా చెప్పినప్పుడల్లా మా ఊళ్ళో ఎవరో ఒకరు పునీత్ రాజ్‌కుమార్ పేరెత్తుతారు. రాయచూరు పక్కనే ఉన్నవాళ్ళం, ఆయన సినిమాలు ఇక్కడా చూస్తారు. 2021 అక్టోబరు 29న, 46 ఏళ్ళకే పోయాడు. ఆ తర్వాత మా వైపు చాలామంది వ్యాయామమే ప్రమాదమని తీర్మానించుకుని హాయిగా కూర్చున్నారు. ఆ భయం పూర్తిగా పిచ్చిదేమీ కాదు. లోపల జబ్బు ఉండి, అలవాటు లేని ఒంటితో ఒక్కసారిగా ఎక్కువ శ్రమ చేస్తే ముప్పు నిజంగానే ఉంటుంది. దానికి మందు కూర్చోవడం కాదు, మెల్లగా మొదలుపెట్టడం. ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళుంటే ముందు బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోండి. నేను చూపించుకున్నాను. బీపీ హద్దు మీద నిలబడి ఉంది, కొలెస్ట్రాల్ హద్దు దాటింది. ఆసుపత్రి వరండాలో నాకున్నాయనుకున్న 25 ఏళ్ళలో కొన్ని ఆ కాగితం చూడగానే పోయాయి. చేస్తుండగా ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్ళు చీకట్లు కమ్మడం, ఇవేవైనా వస్తే ఆ రౌండు పూర్తి చేద్దామని చూడొద్దు. ఆపి 108కి ఫోన్ చేయండి. నాయినకు ఆ రాత్రి నొప్పి మొదలైతే గ్యాస్ అనుకుని రెండు గంటలు సోడా తాగుతూ కూర్చున్నాం. ఆ రెండు గంటలు నాకు ఇప్పటికీ నిద్రలో వస్తాయి.

ఆగస్టులో రివ్యూకు కర్నూలు పోయాం. డాక్టరు రోజూ ఎంత నడుస్తున్నారని అడిగితే నాయిన "వంద గింజలు" అన్నాడు. డాక్టరు నా వైపు చూశాడు. 1.8 కిలోమీటర్లు సార్ అన్నాను. అలాగే కానివ్వండి, మెట్లు కూడా మెల్లగా ఎక్కొచ్చు అన్నాడు. దండీలు, బరువులు మాత్రం ఇప్పుడే వద్దన్నాడు. ఊపిరి బిగబట్టి చేసే పనులకు బీపీ ఒక్కసారిగా లేస్తుందట.

మొన్న నేను హైదరాబాదు బయల్దేరే రోజు పొద్దున నాయిన నడుస్తూ మధ్యలో ఆగిపోయాడు. గుండె నాదే ఆగినంత పనైంది. ఏమైంది నాయినా అంటే కిటికీ గట్టు చూపించాడు. పక్కింటి ముసలమ్మతో పచ్చీసు ఆడనీకె అవ్వ గింజలు తీసుకపోయింది. ఎన్ని పోయినయో తెలియదు, ఎన్ని చుట్లయినయో తెలియదు. కాసేపు అవ్వను తిట్టి, మిగిలినవన్నీ మళ్ళీ ఎడమవైపుకు తోసి, మంచం వైపు మొదటి అడుగు వేశాడు.